పన్ను నొప్పినాడు మాస్టారు చెప్పిన మాట

మా ఆఫీసులో ఆయన్ని ఎదురుగా మాస్టారు అనేవాళ్ళం, వెనకాల పీకుడు మాస్టారు అనేవాళ్ళం. ఎవరైనా తన బోర్డు పనిచేస్తోందని సంబరంగా చెప్పగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "వైరు పీకి చూశావా?" అని. పీకితే ఆగిపోతుంది కదండీ అంటే నవ్వేవారు. "ఆగిపోవడం ఎవడికైనా వచ్చు నాయనా. మళ్ళీ లేవడం వచ్చా అని అడుగుతున్నాను."

ఆయన మొదట రేడియోలు బాగుచేసేవారు. కుర్చీ, బల్ల పడితే మూడో వస్తువు పట్టని దుకాణం. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, ఆయన టీవీలు నేర్చుకున్నారు. టీవీలు పలచనై గోడకెక్కాక బాగుచేయించుకునేవాళ్ళు లేకుండా పోయారు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు. ఎవరో పారేసిన కంప్యూటరు ఇంటికి తెచ్చుకుని, దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, ఆ తర్వాత దాని లోపల నడిచే ప్రోగ్రాములు చదవడం మొదలుపెట్టారు. "పెళ్ళైన కొత్తలో మంచం కింద రేడియోలు, ముసలితనంలో మంచం మీద కాగితాలు. నాకు పడుకునే చోటు ఎప్పుడూ లేదు" అనేది ఆయన భార్య. ఆవిణ్ణి నేను పిన్నిగారు అంటాను.

మా కంపెనీలోకి ఆయన టంకం పెట్టే పనికి వచ్చారట. ఐదేళ్ళలో పై అంతస్తుకి, కెర్నల్ పనిచేసే గదిలోకి ఎక్కారు. యంత్రంలో కరెంటు రాగానే అన్నిటికంటే ముందు నిద్రలేచి, మిగతా భాగాలన్నిటినీ లేపి పనిలో పెట్టే ప్రోగ్రామే కెర్నల్. ఏ చిప్పులో ఏ గడి దేనికో ఆయన పుస్తకం తీయకుండా చెప్పేవారు. ఎప్పుడూ ఏదీ రాసుకునేవారు కాదు. "రాసుకుంటే బుర్రకి బద్ధకం వస్తుంది" అనేవారు.

నేనూ డిగ్రీ లేనివాణ్ణే. చదువు మధ్యలో వదిలేసి, పాత పుస్తకాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలతో నేర్చుకున్నవాణ్ణి. తేడా ఏమిటంటే ఆయనకు దాని గురించి బాధ లేదు. నాకు ఒళ్ళంతా అదే బాధ. పక్క బల్ల దగ్గర పెద్ద కాలేజీ నుంచి వచ్చినవాడు ఒకడుండేవాడు. వాణ్ణి పట్టాభిషిక్తుడు అని పిలిచేవాణ్ణి. వాడు పాపం నన్ను ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు అవమానంగానే ఉండేది.

మేం చేసేవి చిన్న ఆసుపత్రుల్లో మందుల ఫ్రిజ్‌లని నడిపే పెట్టెలు. లోపల ఎంత చల్లగా ఉందో చూసుకుంటూ, మోటారుని వేస్తూ ఆపుతూ ఉంటాయి. పాత పెట్టెలో పెద్ద పవర్ చిప్పు ఉండేది. ఎవరైనా బటన్ నొక్కి ఆపారా, లేక కరెంటే పోయిందా అన్నది అది తన సొంత జ్ఞాపకంలో దాచుకునేది. కరెంటు తిరిగొచ్చినప్పుడు కెర్నల్ దాన్ని అడిగేది. మనిషి ఆపి ఉంటే, ఫ్రిజ్ కడుగుతున్నారేమో అని మోటారు జోలికి పోకుండా పడుకునేది. కరెంటు పోయి ఉంటే లేచి పని మొదలుపెట్టేది.

కొత్త పెట్టెకి చవకరకం చిప్పు పెట్టారు. దానికి రెండే పనులు వచ్చు, కరెంటు ఇవ్వడం, మానడం. "పాతది మేనేజరు, ఇది వాచ్‌మన్. గేటు తీస్తుంది, వేస్తుంది. ఎవరొచ్చారు ఎందుకొచ్చారు అని అడిగితే నోరు తెరుస్తుంది, మాట రాదు" అన్నారు మాస్టారు. పాత కెర్నల్‌ని దాని మీద పెడితే, జవాబు రాని ప్రశ్నలు అడుగుతూ నిలబడిపోయేది. దాన్ని కొత్త బోర్డుకి అలవాటు చేసే పని నాకిచ్చారు. ఇప్పించింది మాస్టారే. "వీడికి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. కానీ చదువుతాడు" అని మేడంతో అన్నారట. మేడం అంటే మా విభాగానికి పెద్ద. ఆ మాటల్లో మొదటి రెండూ నాకు గుర్తుండిపోయాయి, మూడోది కాదు.

ఆరు వారాలు చేశాను. ప్రశ్నలు కొన్ని తీసేశాను, కొన్నిటికి నేనే జవాబు రాశాను. ఎందుకు ఆగిందన్న సంగతి దాచుకోవడానికి చిప్పులో చోటు లేదు కాబట్టి, ప్రధాన చిప్పులో ఒక మూల దొరికిన గడిలో దాచాను. కరెంటు ఉన్నప్పుడల్లా ఆ గడిలో ఒకటి ఉంటుంది. మనిషి బటన్ నొక్కితే సున్నా అవుతుంది. వైరు పీకాను, పెట్టాను, లేచింది. ముప్పైసార్లు పీకాను, ముప్పైసార్లూ లేచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చారు. కుడి బుగ్గ నిమ్మకాయంత వాచి ఉంది. చేతిరుమాలు దవడకి అదుముకుని ఉన్నారు. పన్ను పీకించుకోవడానికి వెళ్తూ వెళ్తూ ఆగారు.

"పీకుడికే పీకుడు వచ్చిందండోయ్" అన్నాడు వెనకనుంచి ఎవడో.

ఆయన నవ్వబోయి మూలిగారు. తర్వాత మాట ముద్దముద్దగా అన్నారు. "చివర్లో ఈ కేబులు కూడా పీకేసి చెయ్యరా. ఊరికే లైటు చూస్తూ కూర్చో. పీకినప్పుడల్లా పది నిమిషాలు ఆగు. తొందరపడకు."

ఈ కేబులు అంటే, బోర్డు లోపల ఏం జరుగుతోందో మా కంప్యూటరు తెర మీద చూడటానికి తగిలించే మూడు సన్నని తీగలు. అది తీసేస్తే బోర్డు ఏం చేస్తోందో కనిపించదు. పచ్చ లైటు వెలిగితే లేచినట్టు, లేకపోతే లేదు. కళ్ళున్నవాడు గంతలు కట్టుకుని పరీక్ష చేయడమేమిటి అనిపించింది. పాతకాలం రేడియోవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

"సరేనండీ" అన్నాను. తెరమీదనుంచి తల తిప్పలేదు.

చేయలేదు. పట్టాభిషిక్తుడి పని మర్నాటికి అయిపోతుందని తెలుసు, వాడికంటే ముందు నాది అయిపోవాలి. పరీక్షల పట్టికలో కేబులు పీకి చేసే పరీక్ష ఎదురుగా కూడా టిక్కు పెట్టాను. రెండు రోజుల తర్వాత మాస్టారు పన్ను లేని నోటితో వచ్చి, పట్టిక చూసి, నా పేరు కింద 'చూసినవారు' అన్నచోట తన పేరు పెట్టారు. మా దగ్గర అది పద్ధతి. రాసినవాడి పేరు, చూసినవాడి పేరు, రెండూ లేకుండా ఏ మార్పూ బయటికి పోదు.

మూడున్నర నెలలు గడిచాక ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. మేడం అందరికీ వినపడేలా పెట్టారు.

"కరెంటు వచ్చి మూడు గంటలైందండీ. మా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. మీ పెట్టె మాత్రం చచ్చి పడుంది. ఫ్రిజ్‌లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇవన్నీ పిల్లలకేసే మందులు. బయట పదిహేనుమంది తల్లులు కూర్చున్నారు. వాళ్ళకి నేనేం చెప్పను? మీరు వచ్చి చెప్తారా?"

ఆ వారంలోనే అలాంటివి ఇంకో నాలుగు ఫోన్లు. పంపిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించమన్నారు మేడం.

తప్పు కనిపెట్టింది మాస్టారే. ఒక బోర్డుని ఏ కేబులూ లేకుండా ఉత్త బల్ల మీద పెట్టారు. వైరు పీకారు. పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మళ్ళీ పెట్టారు. లైటు రాలేదు. అప్పుడు మూడు తీగల కేబులు తగిలించి, బటన్ నొక్కి బోర్డుని లేపి, అదే పని మళ్ళీ చేశారు. ఈసారి లేచింది.

"దొంగ దొరికాడు" అన్నారు. "కంప్యూటర్లోంచి ఈ తీగల గుండా రవ్వంత కరెంటు కారుతోందమ్మా. పాత చిప్పు దాన్ని లోపలికి రానిచ్చేది కాదు. ఈ వాచ్‌మన్‌కి అంత తెలివి లేదు. ఆ రవ్వంత కరెంటుతో గడి బతికే ఉంటోంది. కేబులు లేనిచోట పూర్తిగా చచ్చి సున్నా అయిపోతోంది. సున్నా అంటే మనిషి ఆపాడని రాసుంది కాబట్టి, కరెంటొచ్చినా పడుకునే ఉంటోంది."

ముప్పైసార్లు నేను పీకింది సగమే.

మేడం పట్టిక తెరిచారు. "కేబులు తీసి చేసిన పరీక్ష దగ్గర టిక్కు ఉందే?"

నేను గబగబా అందుకున్నాను. "అది అన్నిటితో పాటు పడిపోయిందండీ. అలాంటి పరీక్ష విడిగా చెయ్యాలని నాకు తెలీదు."

"మాస్టారూ, మీరు చెప్పలేదా?"

"నేను ఎప్పుడూ చెప్తానేనమ్మా..." అని నా వైపు తిరిగారు. "చెప్పాను కదురా?"

ఆ ప్రశ్నలో నిలదీయడం లేదు. వాడికి గుర్తుంటుందిలే అన్న నమ్మకం ఉంది. నాకు ఆ క్షణంలో కనిపించింది ఆయన ముఖం కాదు, పట్టాభిషిక్తుడి ముఖం. వాడు నన్నే చూస్తున్నాడు.

"ఈసారి చెప్పలేదు మాస్టారూ" అన్నాను. గొంతు ఎంత మెత్తగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. "మీకు ఆ రోజు పన్ను నొప్పి కదా."

ఆయన చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి వెళ్ళింది. "అవును, ఆ రోజే కదూ. మర్చిపోయుంటాను" అన్నారు. ఎవరితోనూ కాకుండా ఇంకో మాట అన్నారు. "అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైంది."

వాళ్ళన్నయ్య గురించి మాకందరికీ తెలుసు. చివరి నాలుగేళ్ళూ సొంత ఇంట్లో కూర్చుని, ఇది ఎవరిల్లు, నన్నెప్పుడు పంపిస్తారు అని అడిగేవాడట. మాస్టారు పుట్టి బుద్ధెరిగాక భయపడింది ఆ ఒక్కదానికే. నేను గురి చూసి కొట్టలేదు. కానీ తగలాల్సిన చోటే తగిలింది.

తప్పు దిద్దడం ప్రోగ్రాములో నాలుగు వరుసల పని. సున్నా కనిపిస్తే కరెంటు పోయిందనుకుని లేవమని, మనిషి ఆపిన సంగతి ఇంకోచోట చెరగకుండా రాసుకోమని. అరగంటలో రాశాను. 'చూసినవారు' దగ్గర పేరు పెట్టమని మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"ఇంకెవరినైనా అడుగు నాయనా. నా కళ్ళు చూస్తున్నాయి కానీ బుర్ర చూస్తోందో లేదో."

వారం తిరక్కుండా ఆయనే అడిగి కిందకి, పెట్టెలు కట్టే గదికి మార్పించుకున్నారు. ఒక్కో పెట్టెలో నాలుగు మరలు, ఒక తీగ, ఒక కాగితం పెట్టాలి. ఆయన నాలుగు మరలూ పెట్టి, మూత వేసి, మళ్ళీ తీసి లెక్కపెట్టేవారు. జేబులో కొత్తగా చిన్న పుస్తకం చేరింది. ఒకసారి బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. తాళం వేశాను. గీజరు ఆపాను. నీలం మాత్ర వేసుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు.

స్కూటరు తీయడం మానేశారు. దారి మర్చిపోతానేమోనని. సాయంత్రం పిన్నిగారు నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడేది. నన్ను చూస్తే పలకరించేది. "పైన పని ఎక్కువగా ఉందా బాబూ? ఆయన నీ గురించి అడుగుతూ ఉంటారు. వాడు పైకొస్తాడు అంటారు." నేను చెప్పు సరిచేసుకునే నెపంతో వంగేవాణ్ణి.

రోజూ చెబుదామనుకునేవాణ్ణి. కిందకి దిగేటప్పుడు మాట సిద్ధంగా ఉండేది. ఆయన మరలు లెక్కపెడుతూ కనిపించగానే, మధ్యలో కదిలిస్తే లెక్క తప్పుతుంది, తర్వాత చెబుదాం అనిపించేది. సాకు దొరికితే గోడ దొరికినట్టే, ఎంతసేపైనా ఆనుకోవచ్చు.

ఒక శుక్రవారం ఆయనే నన్ను పిలిచారు. చేతిలో ఒక కాగితం. "సోమవారం మేడంకి ఇద్దామనుకుంటున్నాను. తప్పులేమైనా ఉన్నాయేమో చూడరా. నా మీద నాకు నమ్మకం లేదు."

రాజీనామా. 'నా జ్ఞాపకశక్తి తగ్గినందువల్ల సంస్థకు, రోగులకు నష్టం జరిగినది. ఇకపై జరగకూడదని...' అని ఉంది. ఆయన పక్కనే నిలబడ్డారు, బడిపిల్లాడు దిద్దిన పలక చూపించినట్టు.

నేను చదివాను. ఒకచోట మాట జారితే దిద్దాను కూడా. "బాగుంది మాస్టారూ" అని తిరిగి ఇచ్చాను. మెట్లెక్కి నా బల్ల దగ్గరికి వెళ్ళాక గానీ నేనేం చేశానో తెలియలేదు. మనిషిని ముంచుతూ, నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, రెండు గదులు. గోడకి ఆయన మొదట బాగుచేసిన రేడియో. పిన్నిగారు బట్టలు మడతపెడుతోంది. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"మాస్టారూ, మీరు చెప్పారు. కేబులు పీకి చెయ్యమని. నేనే చెయ్యలేదు. మేడం ముందు అబద్ధం చెప్పాను."

పిన్నిగారి చేతిలో దుప్పటి ఆగిపోయింది. ఆయన మాత్రం చిన్నగా నవ్వారు.

"ఉత్తరం చూసి జాలిపడ్డావు. నా కోసం తప్పు నెత్తినేసుకోకు. నీకింకా బోలెడు ఉద్యోగం ఉంది."

"జాలి కాదండీ. నిజం."

"ఊరుకోరా."

"మీరు రుమాలు దవడకి పెట్టుకుని వచ్చారు. వెనకనుంచి ఎవడో పీకుడికే పీకుడు అని ఎగతాళి చేశాడు. మీరు నవ్వబోయి మూలిగారు. లైటు చూస్తూ కూర్చో, పీకినప్పుడల్లా పది నిమిషాలు ఆగు, తొందరపడకు అన్నారు. నేను సరేనండీ అన్నాను."

పిన్నిగారు దుప్పటి మంచం మీద పడేసింది. "నువ్వా?" అంది. "రెండు నెలలుగా ఈయన పొయ్యి ఆపానా లేదా అని లేచి లేచి చూస్తున్నారు. నా పేరు చెప్పి, ఇదే కదూ నీ పేరు అని నన్నే అడుగుతున్నారు. గేటు దగ్గర రోజూ నా ముఖం చూస్తూ... నీకు అన్నం ఎలా దిగిందిరా?"

దిగింది. అదే నాకు సిగ్గు.

"ఉండవే" అన్నారు మాస్టారు. ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క వేస్తున్నట్టు ఉంది. "పది నిమిషాలు ఆగమన్నానా?"

"అన్నారండీ."

"అంటే నేను చెప్పాను."

"చెప్పారు."

"నాకు గుర్తులేదురా." కిటికీలోంచి బయటికి చూశారు. "ఇన్నాళ్ళూ చెప్పడం మర్చిపోయానేమో అనుకున్నాను. అది ఎవరికైనా జరుగుతుందిలే అని ఒక మూల చిన్న ఆశ ఉండేది. ఇప్పుడు నువ్వంటున్నావు, చెప్పానట. వాడెవడో ఎగతాళి చేశాడట. నేను నవ్వానట. అందులో ఒక్క ముక్క కూడా నా బుర్రలో లేదు."

అబద్ధం ఆయన నమ్మకాన్ని సగం తీసుకుంటే, నిజం మిగతా సగం ఊడ్చుకుపోయింది.

"చాల్లెండి వేదాంతం" అని అరిచింది పిన్నిగారు. "పన్ను సలుపుతుంటే ఎప్పుడో అన్న మాట ఎవడికి గుర్తుంటుంది? మొన్న మంగళవారం ఏం కూర చేశానో నాకే గుర్తులేదు. నాకూ జబ్బేనా?"

"నువ్వు వేరు. నాకు గుర్తుండేది" అన్నారాయన.

సోమవారం ఆయనకంటే ముందు మేడం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ నన్ను ఆ రోజు నుంచి కెర్నల్ పని నుంచి తీసేశారు. కింద గదిలో మరలు పెట్టే బల్ల దగ్గర నేను కూర్చున్నాను. మాస్టారు ఉత్తరం ఇవ్వడం మానలేదు. ఆవిడ తీసుకోనన్నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. "నెలాఖరు దాకా నా డ్రాయర్లో ఉంటుంది. మనసు మారితే ఒక్క ఫోన్ చెయ్యండి" అన్నారట మేడం.

నేను ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. పిన్నిగారు తలుపు తీసేది, పలకరించేది కాదు. మాస్టారు మాత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పు" అనేవారు. చెప్పేవాణ్ణి. రుమాలు, ఎగతాళి, కేబులు, పది నిమిషాలు. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. దూరపు స్టేషను కోసం ముల్లు తిప్పుతున్నట్టు నొసలు ముడిచేవారు. చివరికి కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపేవారు. డాక్టరు పరీక్షలు చేసి అంతా బాగుందన్నాడు. "ఆయనకి నా సంగతేం తెలుసు" అనేశారు మాస్టారు.

నెలలో చివరి ఆదివారం. అదే కథ మళ్ళీ చెబుతున్నాను. 'తొందరపడకు' దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఉండు. నువ్వు లేచావు."

కళ్ళు మూసుకునే అన్నారు మాస్టారు.

"లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చావు. పుక్కిలించండి మాస్టారూ అన్నావు. గ్లాసు అంచు విరిగి ఉంది, నేను ఇటువైపు తిప్పి తాగాను. ఆఁ! గుర్తొచ్చిందిరా! నీళ్ళు తాగాకే చెప్పాను కేబులు సంగతి!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. మూడు నెలల్లో ఆ ముఖం అలా వెలగడం చూడలేదు. "ఇచ్చావు కదూ? నీళ్ళు ఇచ్చావు కదూ?"

నేను ఇవ్వలేదు. ఆయన అంత నొప్పితో వచ్చి నిలబడితే తల కూడా తిప్పలేదు. వంటింటి గుమ్మంలో పిన్నిగారు నిలబడి నా నోటి వైపే చూస్తోంది. ఆవిడకు తెలుసు. నాలుగు వారాలుగా నేను చెబుతున్నది ఆవిడా వింటూనే ఉంది, అందులో నీళ్ళు ఎప్పుడూ లేవు.

"ఇచ్చాను మాస్టారూ" అన్నాను.

పిన్నిగారు లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఫోను తీసి మేడంకి కలిపారు. "అమ్మా, నా ఉత్తరం ఇంకా మీ దగ్గరే ఉందా?" అని అడుగుతున్నారు, గొంతు పెద్దది చేసి, నవ్వుతూ. నేను బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను.